మట్టి నానోగొట్టాల్లో చిలుము నిరోధకాన్ని నింపి ఇత్తడి మీద వేసే పూతలో కలపడం ఎలా

రాగి, ఇత్తడి వస్తువుల మీద ఎపాక్సీ పూత (రెసిన్, హార్డెనర్ అనే రెండు భాగాలు కలిపితే గట్టిపడేది) వేసిన వారికి ఒక అనుభవం తప్పకుండా ఎదురవుతుంది. పూత చెక్కుచెదరకుండా ఉన్నంత కాలం లోహం మెరుస్తూనే ఉంటుంది గాని, ఎక్కడో ఒకచోట సన్నని గీత పడితే చాలు, ఆ గీత అంచుల నుంచి పూత కిందికి చిలుము పాకుతుంది. దీనిని ఆపడానికి బెంజోట్రయజోల్ అనే పదార్థం ఎంతో కాలంగా వాడుకలో ఉంది. అది రాగి ఉపరితలంతో కలిసి నీటిలో కరగని పలుచని పొరను ఏర్పరుస్తుంది. అయితే దానిని నేరుగా ఎపాక్సీలో కలిపితే రెండు నష్టాలు జరుగుతాయి. దాని అణువులోని నైట్రోజన్-హైడ్రోజన్ భాగం ఎపాక్సీ సమూహాలతో చర్య జరపగలదు కాబట్టి కొంత నిరోధకం రెసిన్‌కే అంటుకుపోయి పనికిరాకుండా పోతుంది. మిగిలినది తేమ తగిలిన మొదటి రోజుల్లోనే కరిగి బయటికి పోతుంది. అవసరమైన చోట, అవసరమైనప్పుడు కొద్దికొద్దిగా విడుదల కావాలంటే నిరోధకానికి ఒక పాత్ర కావాలి. ఆ పాత్రగా హాలోయ్‌సైట్ అనే సహజమైన మట్టి గొట్టాన్ని ఎలా సిద్ధం చేయాలో, ఎలా నింపాలో, ఎలా పరీక్షించాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ప్రయోగశాల సౌకర్యం ఉన్న విద్యార్థులను, పూతల తయారీలో పనిచేసేవారిని దృష్టిలో పెట్టుకుని ఇది రాశాను. మొదలుపెట్టే ముందు ఒక మాట గుర్తుంచుకోండి. ఈ పని మొత్తంలో మీరు మళ్లీ మళ్లీ వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: నిరోధకం గొట్టం లోపల ఎంత ఉంది, గొట్టం పైన ఎంత అంటుకుని ఉంది? పైన అంటుకున్నది పాత్రలో ఉన్నట్టు కాదు.

గొట్టం స్వభావాన్ని తెలుసుకోండి

హాలోయ్‌సైట్, మనకు బాగా తెలిసిన చైనా క్లే అనే కేయోలిన్, రసాయనపరంగా దాదాపు ఒకటే. రెండూ అల్యూమినియం సిలికేట్లే. కేయోలిన్ రేకులు రేకులుగా ఉంటుంది. హాలోయ్‌సైట్‌లో మాత్రం అదే రేకు చాప చుట్టినట్టు చుట్టుకుని గొట్టమవుతుంది. రేకులో ఒక వైపు సిలికా పొర, మరో వైపు అల్యూమినా పొర ఉంటాయి. రెండింటి కొలతలు సరిగ్గా సరిపోకపోవడం వల్ల రేకు వంగి చుట్టుకుంటుంది, సిలికా బయటికి, అల్యూమినా లోపలికి వస్తాయి. 1826లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త పియర్ బెర్తియే ఈ ఖనిజాన్ని వర్ణించి, బెల్జియం భూగర్భ శాస్త్రవేత్త ఒమాలియస్ దాలోయ్ పేరు మీదుగా దానికి ఈ పేరు పెట్టాడు. అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఉన్న డ్రాగన్ గని, న్యూజిలాండ్‌లోని మతౌరీ బే దీనికి పేరు పొందిన చోట్లు. దీని గొట్టాలను పాత్రలుగా వాడవచ్చని ప్రైస్, గేబర్, ల్వోవ్ అనే పరిశోధకులు 2001లో మందుల విడుదల ప్రయోగాలతో చూపారు. లోహాల రక్షణకు వాడే నిరోధకాల మీద విస్తృతమైన పని ఆ తరువాత వచ్చింది.

సాధారణంగా ఒక గొట్టం బయటి వ్యాసం 50 నుంచి 70 నానోమీటర్లు, లోపలి బోలు వ్యాసం 10 నుంచి 20 నానోమీటర్లు, పొడవు అర మైక్రాన్ నుంచి ఒకటిన్నర మైక్రాన్ వరకు ఉంటాయి. పీహెచ్ 7 దగ్గర బయటి సిలికా తలం రుణావేశంతోను, లోపలి అల్యూమినా తలం ధనావేశంతోను ఉంటాయి. ఈ తేడా మీకు చాలా ఉపయోగపడుతుంది. శాలిసిలేట్ వంటి రుణావేశ అణువులు లోపలికి ఆకర్షితమవుతాయి. ధనావేశ అణువులు బయటి తలానికి అంటుకుని లోపలికి వెళ్లడానికి మొండికేస్తాయి. బెంజోట్రయజోల్ మామూలు పీహెచ్‌లో ఆవేశం లేని అణువు కాబట్టి దానిని లోపలికి పంపే పని ఆకర్షణ మీద కాక వ్యాక్యూమ్ మీద ఆధారపడుతుంది.

సరుకు కొనేటప్పుడు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ చిత్రం అడగండి. మార్కెట్‌లో హాలోయ్‌సైట్ పేరుతో వచ్చే కొన్ని పొడుల్లో కేయోలిన్ రేకులు గణనీయంగా కలిసి ఉంటాయి. రేకులో నింపడానికి బోలు లేదు. పింగాణీ సామాన్ల వారి దగ్గర దొరికే చైనా క్లే ఈ పనికి ఎంత మాత్రం పనికిరాదు.

ఎంత పడుతుందో ముందే లెక్క వేసుకోండి

ఈ లెక్క చేయకుండా నింపడం మొదలుపెట్టవద్దు. బయటి వ్యాసం 60, లోపలి వ్యాసం 15 నానోమీటర్లు అనుకుందాం. వ్యాసాల నిష్పత్తి వర్గం ప్రకారం గొట్టం మొత్తం ఘనపరిమాణంలో బోలు భాగం 6 శాతానికి కాస్త పైన ఉంటుంది. మట్టి సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 2.55 గ్రాములు కాబట్టి, ఒక గ్రాము గొట్టాల్లో మొత్తం బోలు 0.026 మిల్లీలీటర్లు మాత్రమే. బెంజోట్రయజోల్ సాంద్రత 1.36 కాబట్టి ఆ బోలంతా కిక్కిరిసి నిండినా పట్టేది సుమారు 36 మిల్లీగ్రాములు, అంటే నిండిన గొట్టాల బరువులో మూడున్నర శాతం లోపు. అదే లోపలి వ్యాసం 20, బయటి వ్యాసం 55 అయితే ఏడున్నర శాతం దాకా పడుతుంది. ఐదు నానోమీటర్ల తేడాకు పట్టే పరిమాణం రెట్టింపు దాటిందని గమనించండి. మీ సరుకులోని గొట్టాల లోపలి వ్యాసం ఎంతో తెలుసుకోవడం అందుకే అవసరం.

ఎవరైనా శుద్ధి చేయని గొట్టాల్లో 25 శాతం నింపామని చెబితే, అందులో అధిక భాగం గొట్టాల పైన, గొట్టాల మధ్య పేరుకున్నదేనని అర్థం చేసుకోవాలి. సల్ఫ్యూరిక్ ఆమ్లంతో లోపలి అల్యూమినాను కొంత కరిగించి బోలును పెద్దది చేసే పద్ధతి ఉంది. దాని వల్ల నిజంగానే ఎక్కువ పడుతుంది, కాని గోడ పలచబడి గొట్టాలు విరిగే ప్రమాదం పెరుగుతుంది. మొదటిసారి చేసేవారికి నేను దానిని సూచించను.

జాగ్రత్తలు

పొడి తూచేటప్పుడు, జల్లించేటప్పుడు ఎన్95 మాస్క్, కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. సన్నని ఖనిజ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. బెంజోట్రయజోల్ మింగితే హానికరం, కళ్లను మండిస్తుంది, నీటి జీవులకు చేటు చేస్తుంది. కడిగిన నీటిని సింకులో పోయకండి, సీసాలో పట్టి రసాయన వ్యర్థాలకు అప్పగించండి. అన్నిటికంటే ముఖ్యమైనది: బెంజోట్రయజోల్‌ను వ్యాక్యూమ్‌లో గట్టిగా వేడి చేయకూడదు. వ్యాక్యూమ్ డిస్టిలేషన్‌లో అది పేలే ప్రమాదం ఉందని భద్రతా పత్రాల్లో ఉంటుంది. ఈ పద్ధతిలో బెంజోట్రయజోల్ కలిసిన తరువాత మనం 60 డిగ్రీలు దాటే అవసరమే రాదు.

నింపడం

ఐదు గ్రాముల హాలోయ్‌సైట్‌ను కల్వంలో మెత్తగా నలిపి సన్న జల్లెడ పట్టండి. గట్టిగా నూరకండి, గొట్టాలు విరుగుతాయి. దానిని 105 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా ఉంచి డెసికేటర్‌లో (తేమ చొరని మూత పాత్రలో) చల్లార్చండి. బోలులో నీరు ఉంటే ద్రావణానికి చోటు దొరకదు.

ద్రావకంగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తీసుకోండి. శుద్ధమైన ఇథనాల్‌కు ఎక్సైజ్ అనుమతి కావాలి, అసిటోన్ వ్యాక్యూమ్‌లో మరీ త్వరగా మరిగిపోతుంది. 25 మిల్లీలీటర్ల ఆల్కహాల్‌లో బెంజోట్రయజోల్‌ను కొద్దికొద్దిగా వేస్తూ, అడుగున కొన్ని స్ఫటికాలు కరగకుండా మిగిలే దాకా కలపండి. తరువాత వడగట్టి, తేటను మాత్రమే తీసుకోండి. ద్రావణం ఇంత చిక్కగా ఎందుకు ఉండాలో పై లెక్కే చెబుతుంది. మిల్లీలీటరుకు 80 మిల్లీగ్రాములు ఉన్న ద్రావణం 0.026 మిల్లీలీటర్ల బోలును నింపితే ఒక గ్రాము గొట్టాల్లోకి చేరేది రెండు మిల్లీగ్రాములే, అంటే 0.2 శాతమే. లోపలికి వెళ్లిన ద్రావణం అక్కడే చిక్కబడి స్ఫటికం కట్టాలి, ఆ ఖాళీలోకి మళ్లీ కొత్త ద్రావణం రావాలి. వ్యాక్యూమ్‌ను పలుమార్లు పెట్టడం, తీయడం ఇందుకే.

ఎండిన గొట్టాలను ఆ తేటలో వేసి పది నిమిషాలు కలిపి, బీకరును దాని ఎత్తులో మూడో వంతుకు మించకుండా నింపి వ్యాక్యూమ్ డెసికేటర్‌లో పెట్టండి. డెసికేటర్‌కు పగుళ్లు లేవని చూసుకుని, రక్షణ తెర వెనుక ఉంచండి. పంపుకు ముందు చల్లని ట్రాప్ (ఆవిరిని చల్లబరిచి పట్టే పాత్ర) ఉండాలి, లేకపోతే ఆల్కహాల్ ఆవిరి పంపులోకి పోతుంది. ఇక పంపును చాలా నెమ్మదిగా తెరవండి. నేను మొదటిసారి ఒక్కసారిగా తెరిచాను. తెల్లని ముద్ద పాలు పొంగినట్టు పొంగి బీకరు అంచు దాటి, డెసికేటర్ అడుగంతా పరుచుకుంది. ఐదు గ్రాముల సరుకులో సగం కంటే తక్కువ మిగిలింది. మిగిలినదాన్ని కూడా నమ్మలేక అంతా తీసివేసి మళ్లీ మొదలుపెట్టాను. అప్పటి నుంచి వాల్వును వెంట్రుక మందం తిప్పడం, బుడగలు రావడం చూసి ఆగడం, అవి సద్దుమణిగాక మళ్లీ తిప్పడం అలవాటు చేసుకున్నాను.

గొట్టాల్లోని గాలి బయటికి వస్తున్నప్పుడు ముద్ద ఉపరితలం మీద సన్నని బుడగలు సూది మొనల్లా లేస్తాయి. ఇవి ద్రావకం మరిగే పెద్ద బుడగల కంటే భిన్నంగా, చిన్నవిగా, ఒక చోట కాక అంతటా కనిపిస్తాయి. అరగంట వ్యాక్యూమ్‌లో ఉంచి, మెల్లగా గాలి వదలండి. ఆ క్షణంలోనే ద్రావణం బోలులోకి దూరుతుంది. పావుగంట అలాగే ఉంచి మళ్లీ వ్యాక్యూమ్ పెట్టండి. ఇలా కనీసం మూడు సార్లు చేయండి. రెండోసారి బుడగలు తగ్గుతాయి, మూడోసారికి దాదాపు ఉండవు. నాలుగోసారి కూడా బుడగలు వస్తున్నాయంటే ఎక్కడో గాలి కారుతోందని అనుమానించండి.

వేరుచేయడం, కడగడం

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ద్రావకాన్నంతా ఆవిరి చేసి, మిగిలిన పొడినంతా నిండిన గొట్టాలుగా లెక్కిస్తారు. అలా చేస్తే బీకరులో మిగిలిన నిరోధకమంతా గొట్టాల పైన పేరుకుంటుంది. దానికి బదులు సెంట్రిఫ్యూజ్‌లో 4000 ఆర్‌పీఎం వద్ద పది నిమిషాలు తిప్పి, పైతేటను తీసివేయండి. ఆ తేటను మళ్లీ వాడుకోవచ్చు. అడుగున దిగిన ముద్దను 50 డిగ్రీల వద్ద రాత్రంతా ఆరబెట్టి, మెత్తగా విడదీసి, చల్లని నీటితో ఒక్కసారి, అర నిమిషం మించకుండా కడిగి మళ్లీ తిప్పండి. బెంజోట్రయజోల్ లీటరు నీటిలో సుమారు 20 గ్రాములు కరుగుతుంది కాబట్టి పైన అంటుకున్నది ఈ కొద్ది సమయంలోనే పోతుంది. ఎక్కువ సేపు కడిగితే లోపలిది కూడా రావడం మొదలవుతుంది. ఆల్కహాల్‌తో మాత్రం కడగవద్దు.

మైలుతుత్తంతో బిరడా పెట్టడం

రెండు చివరలా తెరుచుకుని ఉన్న గొట్టం నిరోధకాన్ని గంటల వ్యవధిలోనే వదిలేస్తుంది. పూతలో అది నెలల తరబడి నిలవాలంటే చివరలకు బిరడా కావాలి. దీనికి చాలా తేలికైన ఉపాయం ఉంది. రాగి అయాన్లు తగిలితే బెంజోట్రయజోల్ నీటిలో కరగని ముద్దగా మారుతుంది గదా, గొట్టం చివర నుంచి బయటికి వస్తున్న నిరోధకమే రాగితో కలిసి తన దారిని తానే మూసుకుంటుంది.

లీటరు నీటిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) స్ఫటికాలు 12.5 గ్రాములు కరిగిస్తే 0.05 మోలార్ ద్రావణం వస్తుంది. కడిగి తిప్పిన ముద్దను ఆరనివ్వకుండా ఈ ద్రావణంలో వేసి ఒకటి రెండు నిమిషాలు వేగంగా కలిపి, వెంటనే సెంట్రిఫ్యూజ్ చేయండి. తెల్లని ముద్దకు లేత నీలం, ఆకుపచ్చ కలిసిన ఛాయ వస్తుంది. ఎక్కువ సేపు ఉంచితే బిరడా మెరుగుపడదు సరికదా, గొట్టాల బయట కూడా రాగి సమ్మేళనం పేరుకుంటుంది.

తరువాత నీటితో రెండు మూడు సార్లు కడగండి. కడిగిన నీటిలో రాగి మిగిలిందో లేదో చూడడానికి కొంచెం నీటిని గాజు నాళికలో తీసుకుని నాలుగు చుక్కల అమ్మోనియా ద్రావణం వేయండి. ముదురు నీలం కనిపిస్తే ఇంకా కడగాలి. ఇత్తడి మీద వేసే పూతకు మిగిలిన రాగి పెద్ద హాని చేయకపోవచ్చు గాని, అదే పొడిని అల్యూమినియం, ఇనుము మీద వాడితే మిగిలిపోయిన రాగి అయాన్లు లోహం మీద పేరుకుని తుప్పును పెంచుతాయి. అందుకే ఈ పరీక్షను అలవాటుగా చేయండి. చివరగా 50 డిగ్రీల వద్ద ఆరబెట్టండి.

లోపల ఎంత ఉందో కొలవడం

థర్మోగ్రావిమెట్రీ యంత్రం (నమూనాను వేడి చేస్తూ బరువు తగ్గడాన్ని కొలిచేది) అందుబాటులో ఉంటే మూడు నమూనాలు పెట్టండి: ఖాళీ గొట్టాలు, నిండిన గొట్టాలు, ఖాళీ గొట్టాలను అంతే బెంజోట్రయజోల్‌తో ఊరికే కలిపిన పొడి. మట్టి తన సొంత నీటిని 450 నుంచి 550 డిగ్రీల మధ్య కోల్పోతుంది కాబట్టి దానిని నిరోధకం బరువుగా పొరబడవద్దు. ఊరికే కలిపిన పొడి కంటే నిండిన గొట్టాల్లో నిరోధకం బయటికి రావడం సాధారణంగా కాస్త పై ఉష్ణోగ్రతకు జరుగుతుంది. ఆ ఆలస్యం కనిపించకపోతే మీ నిరోధకం పైనే ఉందన్నమాట.

అది లేనివారికి యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్ (ద్రావణం అతినీలలోహిత కాంతిని ఎంత పీల్చుకుంటుందో కొలిచేది) చాలు. బిరడా పెట్టని నిండిన గొట్టాలు 50 మిల్లీగ్రాములు 100 మిల్లీలీటర్ల ఆల్కహాల్‌లో వేసి 24 గంటలు కలిపి, 0.2 మైక్రాన్ ఫిల్టర్‌తో వడగట్టి 259 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర చదవండి. అదే ఆల్కహాల్‌లో తెలిసిన గాఢతలతో ముందే క్రమాంకన రేఖ గీసుకోవాలి. వడగట్టడం మానితే మట్టి కాంతిని చెదరగొట్టి అంకెను పెంచుతుంది. మూడు శాతం నిండి ఉంటే ద్రావణం లీటరుకు 15 మిల్లీగ్రాములు వస్తుంది, అది హాయిగా చదవగలిగిన పరిధి.

విడుదల పరీక్షకు బిరడా లేనివి, ఉన్నవి, అంతే పరిమాణం శుద్ధ బెంజోట్రయజోల్, ఈ మూడింటినీ వేరువేరుగా 100 మిల్లీలీటర్ల నీటిలో 30 డిగ్రీల వద్ద మెల్లగా కలుపుతూ ఉంచండి. 5, 15, 30 నిమిషాలకు, 1, 2, 4, 8, 24 గంటలకు, ఆ పైన రోజుకొకసారి, రెండేసి మిల్లీలీటర్లు తీసి కొలిచి, తీసినంత నీరు తిరిగి పోయండి. మొదటి పావుగంటలో ఒక్కసారిగా బయటికి వచ్చిన నిరోధకాన్ని, అంటే దూకుడును, జాగ్రత్తగా చూడండి. ఆ దూకుడు దాదాపు అంతా గొట్టాల పైన అంటుకున్నదే. అది మొత్తంలో నాలుగో వంతు దాటితే ఆ పొడిని పూతలో కలపవద్దు, కడగడం దగ్గరికి తిరిగి వెళ్లండి. ఆ తరువాతి భాగాన్ని సమయపు వర్గమూలానికి ఎదురుగా గీస్తే సుమారుగా సరళరేఖ రావాలి. అలా వస్తే విడుదల బోలు వెంట విసరణ (డిఫ్యూజన్) ద్వారా జరుగుతోందని చెప్పవచ్చు.

పూతలో కలపడం

నిండిన గొట్టాలను రెసిన్ భాగంలోనే కలపండి, హార్డెనర్ భాగంలో కలపకండి. హార్డెనర్‌లోని అమైన్లు (అమ్మోనియా కుటుంబానికి చెందిన పదార్థాలు) రాగి అయాన్లను పట్టుకునే గుణం ఉన్నవి. అమ్మోనియా పరీక్షలో చూసిన నీలం రంగుకు కారణం కూడా అదే గుణం. డబ్బాలో నెలల తరబడి అమైన్‌తో కలిసి ఉంటే మీరు పెట్టిన బిరడా నిలవదు. ద్రావకం ఎక్కువగా ఉన్న ఎపాక్సీ కంటే ద్రావకం లేని ద్రవ ఎపాక్సీ మేలు, లోపలి నిరోధకాన్ని లాగేది ఏదీ అందులో ఉండదు.

రెసిన్, హార్డెనర్ కలిపి 100 గ్రాములయ్యేట్టు లెక్క చూసుకుని ఐదు గ్రాముల గొట్టాలను రెసిన్‌లో విడతలుగా చల్లుతూ 1000 నుంచి 1500 ఆర్‌పీఎం వద్ద అరగంట కలపండి. పాత్రను చల్లని నీటిలో ఉంచి 40 డిగ్రీలు దాటనివ్వకండి. మాంట్‌మొరిల్లోనైట్ వంటి రేకుల మట్టిలా హాలోయ్‌సైట్‌ను పొరలుగా విడదీసే శ్రమ లేదు, గొట్టాలు తేలికగానే విడిపోతాయి. కాబట్టి గంటల తరబడి అల్ట్రాసోనిక్ పెట్టడం, బీడ్ మిల్లులో ఆడించడం అనవసరమే కాదు, హానికరం కూడా. విరిగిన ప్రతి గొట్టానికీ బిరడా లేని కొత్త నోరు తెరుచుకుంటుంది. ఒక చుక్కను గాజు పలక మీద పలుచగా లాగి వెలుతురుకు ఎదురుగా చూడండి. గింజలు కనిపించకపోతే, హెగ్‌మన్ గేజ్ (పూతలోని గింజల పరిమాణం కొలిచే గాడి పలక) మీద 25 మైక్రాన్ల లోపు వస్తే చాలు. మట్టి వక్రీభవన గుణకం ఎపాక్సీకి దగ్గరగా ఉండడం వల్ల పూత కొద్దిగా మసకబారినట్టు కనిపించినా లోహపు మెరుపు పోదు.

50 మైక్రాన్ల పూత చదరపు మీటరుకు సుమారు 60 గ్రాములు. అందులో గొట్టాలు మూడు గ్రాములు. వాటిలో ఐదు శాతం నిరోధకం ఉంటే చదరపు మీటరుకు 0.15 గ్రాములు. గీత పడినప్పుడు ఆ గీత అంచుల్లో ఉన్న గొట్టాల నుంచి మాత్రమే నిరోధకం వస్తుంది. ఇంత కొద్ది పరిమాణం కాబట్టే గీత సన్నగా ఉన్నంత వరకే ఈ రక్షణ పనిచేస్తుంది. వేలి వెడల్పున పూత ఊడిపోయిన చోట దీని నుంచి ఏమీ ఆశించవద్దు.

గీసి చూడటం

నాలుగు ఇత్తడి బిళ్లలు తీసుకోండి. ఒకదానికి ఉత్త ఎపాక్సీ, రెండోదానికి ఖాళీ గొట్టాలు కలిపినది, మూడోదానికి అంతే బెంజోట్రయజోల్ నేరుగా కలిపినది, నాలుగోదానికి నిండిన గొట్టాలు కలిపినది వేయండి. ఖాళీ గొట్టాల బిళ్లను ఎవరూ వదలకూడదు. మట్టి కలిపినంత మాత్రానే పూతలోకి నీరు రావడం కొంత నెమ్మదిస్తుంది, ఆ మేలును నిరోధకం ఖాతాలో వేసుకుంటే మిమ్మల్ని మీరే మోసం చేసుకున్నట్టవుతుంది.

బిళ్లలను 400 నంబరు ఎమ్రీ కాగితంతో రుద్ది, ఆల్కహాల్‌తో తుడిచి, ఆ పైన వేలు తగలనివ్వకండి. ఇంట్లో ఇత్తడిని చింతపండుతో తోమినట్టు ఇక్కడ చేయకండి. ఆమ్లం జాడ మిగిలితే పూత పట్టు తప్పుతుంది. ఏడు రోజులు పూత గట్టిపడనిచ్చి, కట్టర్‌తో లోహం దాకా గుణకారం గుర్తు గీసి, లీటరుకు 35 గ్రాముల ఉప్పు కలిపిన నీటిలో ముంచండి. సాల్ట్ స్ప్రే ఛాంబర్ (ఉప్పు నీటి తుంపర చల్లే పెట్టె) ఉంటే ఏఎస్‌టీఎమ్ బీ117 అనే పరీక్షా ప్రమాణం ప్రకారం 5 శాతం ఉప్పు ద్రావణంతో 35 డిగ్రీల వద్ద పరీక్షించండి. రోజూ ఒకే సమయానికి, ఒకే వెలుతురులో ఫొటో తీయండి. గీత అడుగు ముందుగా గోధుమ రంగుకు తిరుగుతుంది, తరువాత అంచుల్లో ఆకుపచ్చ చుక్కలు లేస్తాయి. మీరు కొలవవలసింది గీత లోపలి రంగు కాదు, గీత అంచు నుంచి పూత కిందికి చిలుము ఎన్ని మిల్లీమీటర్లు పాకిందో అది.

పెంబర్తి, బుడితి ఇత్తడి పనుల వంటి అలంకార వస్తువులకు, తలుపు పిడులకు, పలకలకు ఈ పూత తగినది. తాగే నీటి రాగి చెంబులకు, వంట పాత్రలకు దీనిని ఎట్టి పరిస్థితిలోనూ వేయకండి.

మిగిలిన నిండిన గొట్టాలను సిలికా జెల్ సంచితో గాలి చొరని సీసాలో పెట్టి, తయారు చేసిన తేదీ, నిండిన శాతం, బిరడా ఉందో లేదో, మొదటి పావుగంట దూకుడు ఎంతో సీసా మీదే రాసిపెట్టండి. ఆరు నెలల తరువాత వాడేటప్పుడు ఆ దూకుడును మళ్లీ కొలిచి, పాత అంకెతో పోల్చి చూశాకే రెసిన్‌లో వేయండి.